నేత్రవైద్య ధురంధరుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే

1859వ సంవత్సరమున మన తెలుగునాట పరిపాలనలో ఒక మార్పు జరిగెను. మచిలీపట్టణము, గుంటూరు, రాజమహేంద్రవరము జిల్లాలను కలిపి, తిరిగి విడదీసి, కృష్ణా, గోదావరి అను రెండు జిల్లాలను ఏర్పరచిరి. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములకు కృష్ణా జిల్లా మెట్టసీమ అను పేరు అట్లు కలిగినది. 2022 ఏప్రిల్ నెలలో ఆ సీమ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరెను గాని, కృష్ణా మెట్ట అను మాట జనుల నోట ఇంకను పోలేదు. ఆ 1859లోనే బెర్లిను నగరమునుండి వెలువడు ఒక నేత్రవైద్య పత్రికలో, ముప్పదియేండ్లు దాటీ దాటని వైద్యుడొకడు ఒక వ్యాసమును ప్రకటించెను. మనుష్యునికి ఉన్నట్టుండి ఒక కన్ను గ్రుడ్డిదగుటకు గల ఒక కారణమును అందులో ఆయన మొదటిసారిగా వివరించెను. ఈ రెండు సంగతులకును పరస్పర సంబంధ మేమియు లేదు. అయినను ఆ వ్యాసములో చెప్పబడిన వ్యాధి మన మెట్ట గ్రామములకు క్రొత్తది కాదు.

ఆ వ్యాధి వచ్చు తీరే చిత్రమైనది. నొప్పి యుండదు. కన్ను ఎఱ్ఱబడదు, నీరు కారదు, వాపు ఉండదు. దీపము నార్పినట్లు ఒక కంట చూపు పోవును. రెండవ కన్ను బాగుగనే యుండుటచే చాలమందికి ఆ సంగతి వెంటనే తెలియను కూడ తెలియదు. ఏ కారణముచేతనో మంచి కంటికి చేయి అడ్డము పెట్టుకొన్నప్పుడు గాని లోకము చీకటియైనట్లు ఎఱుగరు. తెలిసిన పిమ్మటనైనను తొందరపడరు. వేడి చేసినదని ఒకరందురు. శుక్లము ముదిరినదని మఱొకరందురు. నొప్పి లేని జబ్బు పెద్ద జబ్బు కాదని మనవారికొక నమ్మకము. ఒక కన్ను ఉన్నది గదా, మిరపకోత ముగిసినపిదప పట్టణమునకు పోయి చూపించుకొందమని ఇంటిలో తీర్మానమగును. ఆ తీర్మానమే కంటిని పోగొట్టుచున్నదని చెప్పినచో అతిశయోక్తి కాదు. ఇది కంటికి వచ్చిన పక్షవాతమని, దీనికి రోజులతో గాక గంటలతో లెక్క యని మన వారికి తెలియవలసియున్నది. ఈ తెలివికి పునాది వేసిన మహనీయుని చరిత్రమును విద్యార్థులు చదువదగును.

ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే 1828 మే 22వ తేదీన బెర్లిను చెంత జన్మించెను. ఆయన తండ్రి కార్ల్ ఫెర్డినాండ్ ఫాన్ గ్రేఫే బెర్లిను విశ్వవిద్యాలయమున శస్త్రవైద్యాచార్యుడు. ఈ తండ్రిని గూర్చి మన మొక మాట చెప్పుకొనక తప్పదు. తెగిన ముక్కును నుదుటి చర్మముతో తిరిగి నిర్మించు విద్య మన దేశములో పూర్వమునుండి ఉన్నది. టిప్పు సుల్తాను యుద్ధకాలమున ముక్కు కోయబడిన బండివాడొకనికి పూనా ప్రాంతమున ఈ శస్త్రము జరిగిన వార్త 1794లో లండను పత్రికలో పడెను. దానిని చదివి ఆంగ్లేయుడగు కార్ప్యూ ఆ పద్ధతి ననుసరించి 1816లో గ్రంథము ప్రకటింపగా, రెండేండ్లకు, అనగా 1818లో, కార్ల్ గ్రేఫే అదే విషయముపై జర్మను భాషలో గొప్ప గ్రంథము వ్రాసెను. మన దేశపు పేరులేని వైద్యుల హస్తకౌశలము ఆ యింటి విద్యలో ఒక పాయయై చేరినదనుకొనుట మనకు గర్వకారణమే.

1840లో ఆ తండ్రి హానోవరు రాజకుమారుని కంటికి శస్త్రము చేయుటకై పిలువబడి, అచ్చటకు పోయి, అచ్చటనే ఆకస్మికముగా మరణించెను. ఆ రాజకుమారునకు చూపు రానేలేదు. అతడు గ్రుడ్డివాడై యుండియే పిమ్మట సింహాసన మెక్కెను. అప్పటికి మన ఆల్బ్రెక్టునకు పండ్రెండేండ్లు.

బాలుడు చదువులో మిక్కిలి చుఱుకు. గణితము, తర్కము వానికి ప్రియమైన విషయములు. పదునైదు పదునారేండ్ల ప్రాయముననే విశ్వవిద్యాలయమున ప్రవేశించి, 1847లో, అనగా పందొమ్మిదవ యేట, వైద్యపట్టమును పొందెను. ఆనాటి పద్ధతిని బట్టి దేశాటనమునకు బయలుదేరెను. ప్రాగు నగరమున ఆర్ల్ట్ అను నేత్రవైద్యుని యొద్ద చేరినప్పుడు గాని ఆయన మనస్సు కంటివైద్యముపై నిలువలేదు. అటుపిమ్మట ప్యారిసు, వియన్నా, లండను నగరములలో పెద్దల ఆసుపత్రులను సేవించెను. 1851లో లండనున బౌమన్ అను ఆంగ్ల వైద్యుడు, డాండర్స్ అను డచ్చి పండితుడు ఆయనకు మిత్రులైరి. ఈ స్నేహము ముగ్గురికిని జీవితాంతము నిలిచెను. ముగ్గురును మూడు దేశములవారు. ముగ్గురును కలిసి కంటివైద్యమును ఒక ప్రత్యేక శాస్త్రముగా నిలువబెట్టిరి. అంతకు ముందు అది శస్త్రవైద్యమున కొక తోకగా మాత్రమే యుండెడిది.

సరిగా ఆ సమయముననే కంటివైద్యమునకు ఒక క్రొత్త సాధనము లభించెను. ఆనాటి వైద్యులకు కంటి లోపలిభాగ మొక చీకటి గుహ. కనుపాప నల్లగా కనబడును. లోపల నేమున్నదో బ్రతికియున్న మనుష్యునియందు చూచినవాడు లేడు. చూపు పోయి, పైకి ఏ దోషమును కనబడని కంటిని గూర్చి వైద్యులే ఒక పరిహాసము చెప్పుకొనెడివారు: ఆ జబ్బులో రోగికిని ఏమియు కనబడదు, వైద్యునికిని ఏమియు కనబడదు అని. 1850 చివర, హెల్మ్‌హోల్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు గాజుపలకల సహాయమున దీపపు వెలుగును కంటిలోనికి పంపి, అదే దారిని తిరిగివచ్చు వెలుగును తాను చూచునట్లు ఒక చిన్న సాధనమును నిర్మించెను. దానితో కనుపాప నల్లదనము పోయి, లోపల ఎఱ్ఱని తెర, దానిపై చెట్టుకొమ్మలవలె ప్రాకిన రక్తనాళములు, అవి పుట్టు తెల్లని గుండ్రని చోటు కన్నులకు కట్టెను. దేహమును కోయకుండ, బ్రతికియున్న వాని రక్తనాళములను వైద్యుడు నేరుగా చూడగల చోటు శరీరమునందు ఇదొక్కటే యని చెప్పవచ్చును. ఉపాధ్యాయులు ఈ సంగతిని పిల్లలకు చెప్పదగును. ఎందుచేతననగా దీని నుండియే ముందు కథ అంతయు నడచినది.

ఆ సాధనము చేత చిక్కినప్పుడు గ్రేఫే సంతోషమునకు మేర లేకపోయెనట. 1851లో బెర్లినునకు తిరిగివచ్చి, ఇరువది మూడవ యేట చిన్న గదులలో వైద్యము ప్రారంభించెను. బీదలకు ఉచితము. మరుసటి యేడు కార్ల్ వీథిలో పెద్ద యిల్లు తీసికొనవలసి వచ్చెను. కొలది కాలములోనే యూరపు నలుమూలల నుండి రోగులును, అమెరికా నుండి కూడ విద్యార్థులును అచ్చటికి రాజొచ్చిరి. అది ప్రభుత్వాసుపత్రి కాదు, విశ్వవిద్యాలయపు శాఖ కాదు. ఒక యువకుని సొంత వైద్యశాల. ఉదయమునుండి రాత్రి ప్రొద్దుపోవువరకు రోగులను చూచుట, శస్త్రములు చేయుట, పాఠములు చెప్పుట, పిమ్మట వ్రాయుట. 1854లో నేత్రవైద్యమునకై ఒక పత్రికను స్థాపించి, మొదటి సంపుటములో చాల భాగము తానే వ్రాసెను. తరువాత ఆర్ల్ట్, డాండర్స్ కూడ సంపాదకులుగా చేరిరి.

ఆయన పేరు మొట్టమొదట లోకమంతట ప్రాకినది నీటికాసుల వలన. ఈ జబ్బులో కంటిలోపలి ఒత్తిడి హెచ్చి, తీవ్రమైనచో భరింపరాని నొప్పితో కొలది దినములలో చూపు నశించును. అప్పటికి దానికి మందు లేదు. నీటికాసులని తేలినచో వైద్యుడు చేతులెత్తివేయవలసినదే. కంటిలోని రంగుతెరలో చిన్న ముక్కను కత్తిరించి తీసివైచినచో ఒత్తిడి తగ్గుచున్నదని గ్రేఫే వేఱొక జబ్బునకు శస్త్రము చేయుచు గమనించెను. జంతువులపై పరీక్షించి చూచెను. రోగులకు చేసి చూచెను. 1857లో బ్రస్సెల్సు నగరమున జరిగిన నేత్రవైద్యుల మహాసభలో దానిని వెల్లడించెను. నయముకాని జబ్బులలో నొకదానిపేరు కొంతవరకు కొట్టివేయబడెను. ఆయనకు వయస్సప్పుడు ఇరువది తొమ్మిది.

ఇక 1859 నాటి వ్యాసము. గుండె కవాటములలో వ్యాధిగల రోగి యొకడు ఒక కంట చూపు హఠాత్తుగా పోయినదని గ్రేఫే యొద్దకు వచ్చెను. ఇట్టి కంటిలోనికి సాధనముతో చూచిన వైద్యునికి కనబడు దృశ్య మిది: ఎఱ్ఱగా నుండవలసిన తెర పాలిపోయి యుండును, ధమనులు దారములవలె సన్నబడి యుండును, నాళములలో నెత్తురు తెగిన పూసలదండవలె అక్కడక్కడ ముక్కలై నిలిచిపోవుటయు కలదు. ఇతర వైద్యులు దీనిని కంటి జబ్బు అని వ్రాసి యుందురు. గ్రేఫే అట్లు వ్రాయలేదు. ఆయన దృష్టి కంటినుండి వెనుకకు, మెడ గుండ, గుండెవఱకు పోయెను. అదే బెర్లినున విర్చో అను మహావైద్యుడు, ఒక చోట పుట్టిన నెత్తురుగడ్డ ప్రవాహములో కొట్టుకొనిపోయి మఱియొక చోట సన్నని నాళములో ఇఱుకుకొనునని కొన్నియేండ్లుగా బోధించుచుండెను. గుండెలో పుట్టిన శకల మొకటి అట్లు ప్రయాణము చేసి కంటి నడిమి ధమనిని మూసివేసినదని గ్రేఫే నిర్ణయించెను. 1864లో ఆయన శిష్యుడు ష్వైగ్గర్ సూక్ష్మదర్శినిక్రింద ధమని మూసుకొన్న చోటును చూపి గురువు మాటకు సాక్ష్యమిచ్చెను. కంటిలోపలికి చూచి గుండెజబ్బును పట్టుకొనుట ఎంత గొప్ప సంగతియో ఆలోచింపుడు.

ఆ ధమని మూసుకొన్నంత మాత్రమున చూపంతయు పోవుట యేమని విద్యార్థి యడుగవచ్చును. మెట్టరైతు బిడ్డలకు దీనిని చెప్పుట సులభము. చెఱువు క్రింద కొన్ని చేలకు రెండు మూడు తూముల నీరు పాఱును. ఒకటి పూడినను మఱొకటి ఆదుకొనును. ఒకే తూముపై ఆధారపడిన చేను గతి అట్లు కాదు. కంటి లోపలి తెర, వైద్యులు రెటీనా యందురు, దాని లోపలి పొరల కన్నిటికి నెత్తురు తెచ్చునది ఆ ఒక్క ధమనియే. కొందఱికి పుట్టుకతో మఱియొక చిన్న పిల్లకాలువ యుండును. అట్టివారికి నడుమ చూపు కొంత మిగులును. తక్కినవారికి ఆ తూము పూడినచో చేనంతయు ఎండిపోవును. పైగా రెటీనా మెదడుతో సమానమైన ధాతువు. నెత్తురు లేక చాలసేపు నిలువలేదు.

ఎంతసేపు నిలువగలదు? ఈ ప్రశ్నకు సమాధానము గ్రేఫే కాలమున లేదు. నూరేండ్లు గడచిన పిదప, పంజాబులో పుట్టి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున పనిచేసిన సోహన్ సింగ్ హేరే (1927–2022) కోతులపై చేసిన పరిశోధనలలో దీనిని కొలిచెను. ధమనిని 97 నిమిషముల వఱకు మూసి తెఱచిన కంటిలో చెప్పుకోదగిన నష్టము కనబడలేదు. 240 నిమిషములు, అనగా నాలుగు గంటలు మూసినపుడు కన్ను తిరిగి కోలుకొనలేని స్థితికి వచ్చెను. గ్రేఫే చూపిన వ్యాధికి గడియారము బిగించినవాడు మన దేశీయుడేయని చెప్పుకొనవచ్చును.

గ్రేఫే కారణమును కనుగొనెనే గాని దానిని తొలగించు శక్తి ఆయన చేతిలో లేదు. ఇక్కడ ఆయన జీవితకథను కొంచెము నిలిపి, ఆ శక్తికై తరువాతివారు చేసిన ప్రయత్నమును చెప్పవలసియున్నది. 1933లో అమెరికాలో టిల్లెట్ అను వైద్యుడు ఒక జాతి సూక్ష్మక్రిములు పుట్టించు పదార్థము గడ్డకట్టిన నెత్తురును కరిగించునని గుర్తించెను. స్ట్రెప్టోకైనేజ్ అను మందు దానినుండియే వచ్చినది. గుండెపోటులో చాల కాలము వాడిరి. మన దేహమునందే గడ్డలను కరిగించు స్వాభావిక పదార్థ మొకటి కలదు. దానిని ప్రయోగశాలలో తయారుచేసి ఆల్టెప్లేజ్ అను పేర వాడుచున్నారు. మెదడులో నాళము మూసుకొని పక్షవాతము వచ్చినవారికి మూడు గంటల లోపల దీనినిచ్చిన మేలు కలుగునని 1995లోను, నాలుగున్నర గంటల వఱకు కొంత మేలు కలదని 2008లోను పరీక్షలు చూపెను. కంటికి నెత్తురు తెచ్చు నాళము మెదడుకు తెచ్చు నాళమునకు శాఖయే గదా; మెదడునకు పనిచేసినది కంటికేల పనిచేయరాదను ప్రశ్న సహజముగ పుట్టెను.

ఈ ప్రశ్నకు జవాబు ఇంకను పూర్తిగ తేలలేదు. దీనిని దాచి, మందు దొరకినది, కన్ను వచ్చునని చెప్పుట పాఠకులను మోసగించుట. యూరపులో ఆ మందును సన్నని గొట్టముద్వారా కంటి ధమని మొదలులోనికే పంపి చూచిరి. 2010లో ఆ పరీక్షా ఫలితములు వెలువడెను. 84 మంది రోగులు. మందిచ్చిన వారిలోను, పూర్వపు పద్ధతుల చికిత్స పొందిన వారిలోను చూపు మెఱుగుపడినవారు ఇంచుమించు సమానమే. కాని మందు పొందినవారికి ఉపద్రవములు ఎక్కువ. అయితే ఆ పరీక్షలో చూపు పోయి ఇరువది గంటలైన వారిని కూడ చేర్చుకొనిరని గమనింపవలెను. నాలుగు గంటలకే ఎండిన చేనికి ఇరువదవ గంటకు నీరు పెట్టి పంట రాలేదనుట న్యాయము కాదు. అందుచేతనే పిమ్మట ఫ్రాన్సు, నార్వే, జర్మనీ దేశములవారు నాలుగున్నర గంటలలోపున వచ్చినవారినే తీసికొని, మందును చేతి సిరద్వారా ఇచ్చి పరీక్షింప మొదలిడిరి. వెలువడిన ఫలితములలో తిరుగులేని రుజువు ఇంతవఱకు రాలేదు. 2021లో అమెరికా హృద్రోగ సంఘమువారు, చూపు పూర్తిగా దెబ్బతిని, నాలుగున్నర గంటలలోపున వచ్చిన రోగికి, మంచిచెడ్డలు వివరించి, ఈ మందును ఆలోచింపవచ్చునని మాత్రము చెప్పిరి. మెదడులో నెత్తురు చిమ్ము ప్రమాదము ఈ మందునకు కలదు గనుక ఆ యెచ్చరిక తగినదే.

మఱి అంత అనిశ్చయమైనదానికి పరుగెత్తనేల? కారణము గ్రేఫే వ్యాసములోనే యున్నది. కంటిలో ఇఱుకుకొన్న శకలము కంటిలో పుట్టినది కాదు. అది గుండెనుండియో మెడలోని పెద్దనాళము నుండియో వచ్చినది. ఒకటి కంటికి వచ్చినచో, మఱొకటి మెదడుకు రావచ్చును. అట్లు వచ్చు భయము మొదటి కొలది దినములలో, వారములలో మిక్కిలి హెచ్చు. అందుచేత కన్ను రాకపోయినను కాలు చేయి నిలుపుకొనుటకు ఆ రోజే గుండె లయను, మెడ నాళములను, రక్తపు పోటును, చక్కెరను పరీక్షింపవలసి యున్నది. వృద్ధులకు కణతనొప్పి, నమలునపుడు దవడనొప్పి కూడ నున్నచో నాళపు వాపు అను వేఱు జబ్బు కావచ్చును. దానికి వెంటనే మందు పడకున్న రెండవ కన్నును పోవును. కనుక అద్దాల దుకాణమునకు పోవుట, చుక్కలమందు కొనుక్కొనుట ఇట్టి వేళ పనికిరాని పనులు.

ఒక చిన్న లెక్క ఉపాధ్యాయులు నల్లబల్లపై వేయవచ్చును. జగ్గయ్యపేట నుండి విజయవాడకు సుమారు 80 కిలోమీటర్లు, నందిగామ నుండి సుమారు 50. చిల్లకల్లు వద్ద రహదారి నెక్కి, నందిగామ, కంచికచర్ల మీదుగ పోవుటకు, బండి సిద్ధముగ నున్నను, గంటన్నర పట్టును. 2023 జూలైలో వలె మున్నేరు పొంగి ఐతవరము వద్ద రహదారిపైకి వచ్చినచో చెప్పనే అక్కరలేదు. పక్షవాతమునకు చికిత్స చేయు పెద్ద ఆసుపత్రి చేరిన పిమ్మట తలకు స్కాను తీయుట, నెత్తురు పరీక్షించుట, కంటివైద్యుడు లోపల చూచి నిర్ణయించుట, వీనికి ఒక గంట. నాలుగున్నర గంటలనుండి ఈ రెండున్నర తీసివేసినచో మిగులునవి రెండు. ఇంటిలో గుర్తించుటకు, ఇరుగుపొరుగును అడుగుటకు, 108కి ఫోను చేయుటకు, బయలుదేరుటకు అన్నిటికిని కలిపి ఆ రెండు గంటలే. చూపు మసకైనదన్న తాతను ఒక్కొక్క కన్ను మూసి చూడుమని అడుగుట ఎనిమిదవ తరగతి పిల్లవానికిని చేతనగును. చూపు పోయిన వేళ యెప్పుడో గుర్తుపెట్టుకొనుట కూడ వానికి చేతనగును. ఆసుపత్రిలో మొదట అడుగు ప్రశ్న అదియే.

ఇక గ్రేఫే కథకు వత్తము. 1860లో ఆయన మెదడులో కంతి పెరిగినవారి కంటిలో నరపు మొదలు ఉబ్బియుండుటను వర్ణించెను. ఇదియు కంటిలో చూచి మఱొక చోటి జబ్బును చెప్పుటయే. గొంతువాపుతో కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొని వచ్చువారిలో, చూపు క్రిందికి దించినపుడు పైరెప్ప వెనుకబడునని 1864లో చెప్పెను. ఆ లక్షణమునకు నేటికిని ఆయన పేరే. శిష్యుడైన లీబ్రైక్ కంటిలోని దృశ్యములను రంగులలో చిత్రించి 1863లో గ్రంథముగా వేసెను. ఛాయాచిత్రము కంటిలోనికి పోలేని ఆ దినములలో అదే వైద్యవిద్యార్థులకు ఆధారము. 1865లో శుక్లము తీయుటకు క్రొత్త పద్ధతిని, సన్నని పొడవైన కత్తిని గ్రేఫే ప్రవేశపెట్టెను. ఆ కత్తి ఇరువదవ శతాబ్ది నడుమదాక దేశదేశముల కంటివైద్యుల చేతులలో నుండెను. ఇంకొక శిష్యుడు హిర్ష్‌బెర్గ్ నేత్రవైద్యచరిత్రమును బృహద్గ్రంథముగా వ్రాసి, అందులో మన సుశ్రుతుని శుక్లచికిత్సకు తగిన స్థానమిచ్చెను. తండ్రి కాలమున తెగిన ముక్కుతో మొదలైన ఋణము ఇట్లు కొంత తీరినది.

ఇంత పనికి దేహ మోర్వలేదు. 1861లో ఊపిరితిత్తుల పైపొర వాపుతో మంచమెక్కి, చావు అంచువఱకు పోయి వచ్చెను. రోగము క్షయయని పిమ్మట తేలెను. 1862లో అన్నా క్నూథ్ అను డేనిష్ వంశపు కన్యను వివాహమాడెను. విశ్రాంతి తీసికొమ్మని మిత్రులు బ్రతిమాలిరి గాని ఆయన వినలేదు. వినియుండవలసినదని మన కనిపించును. రోగులను క్షణమాత్రము వేచియుంచుట కిష్టపడని మనుష్యుడు తన రోగమును పదియేండ్లు వేచియుంచెను. 1866లో పూర్ణాచార్య పదవి లభించెను. లోకము ఆయనను గురువుగా నెఱిగిన చాల కాలమునకు గాని స్వస్థానమున ఈ గౌరవము రాలేదు. చివఱి సంవత్సరములలో శ్వాస యాడక, మెట్లెక్కలేక బాధపడుచును, తుదిదాక శస్త్రములు మానలేదు.

1870 జూలై 20వ తేదీన, నలువది రెండవ యేట, ఆయన బెర్లినులో మరణించెను. దానికి ముందటి రోజుననే ఫ్రాన్సు ప్రష్యాపై యుద్ధము ప్రకటించియుండెను. ఆయన నేర్పిన శిష్యులలో కొందఱు ఆ యుద్ధమున ఇరుప్రక్కలను గాయపడినవారి కన్నులను చూడవలసినవారైరి. భార్య 1872లో కన్నుమూసెను. 1882లో బెర్లినున ఆయన వైద్యపరిశ్రమకు నెలవైన ప్రాంతముననే కంచువిగ్రహము వెలసెను. అదే యేడు జగ్గయ్యపేట కొండపై బౌద్ధస్తూపమును బర్జెస్ దొర త్రవ్వి చూచుచుండెను. బెర్లిను విగ్రహము చేతిలో, హెల్మ్‌హోల్ట్జ్ సాధనమును శిల్పి జీమెరింగ్ పెట్టినాడు. 1854లో ఆయన మొదలిడిన పత్రిక ఆగలేదు. ఆయన పేరే శిరమున ధరించి నేటికిని వెలువడుచున్నది. రెటీనా ధమని మూసుకొన్న వారికి ఏ చికిత్స ఎంత త్వరగ చేయవలెనను చర్చ దాని పుటలలో ఇంకను సాగుచునే యున్నది.